పొట్టేలుకు కట్టే రంగు పట్టీ: కొనొచ్చా?

మందలో విత్తనపు పొట్టేలు ఏ గొర్రెను ఎప్పుడు దాటిందో, అంటే ఎప్పుడు జతకట్టిందో, కాపరి కంట పడేది తక్కువ. ఎద, అంటే గొర్రె పొట్టేలును రానిచ్చే సమయం, ఒకటి ఒకటిన్నర రోజులకు మించి నిలవదు. ఆ లెక్క తేల్చడానికి వాడేది మార్కింగ్ హార్నెస్. రొమ్ము ఎముక మీద ఒక చిన్న పలక, దానికి పిన్నుతో బిగించిన రంగు క్రేయాన్, భుజాల మీదుగానూ ముందుకాళ్ల వెనకగానూ వెళ్లి వీపు మీద కలిసే పట్టీలు. సామానంతా ఇంతే. పొట్టేలు ఎక్కితే గొర్రె తోక మొదట్లో రంగు పడుతుంది.

తంటా తెచ్చేవి పిన్నూ, పట్టీ అంచూ. పిన్ను కొసలు పూర్తిగా వంచకపోతే క్రేయాన్ మేతబీట్లో ఎక్కడో రాలిపోతుంది. ఒక్క గొర్రెకూ కొత్తగా రంగు పడటం లేదంటే ముందు అదే చూడాలి, పొట్టేలును తిట్టడం తర్వాత. నైలాన్ పట్టీ ముందుకాలి వెనక ఒరుసుకుని పుండు చేస్తుంది, పుండు పడ్డ పొట్టేలు దాటడానికి వెనకాడుతుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, పలక మాత్రం పక్కకు జరగకూడదు. దాటే రోజుల్లో మేత మీద ధ్యాస తగ్గి పొట్టేలు చిక్కుతుంది, పట్టీలు వదులవుతాయి. అందుకే మొదటి వారం రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లైనా బిగింపు చూడాలి.

క్రేయాన్లు చలికి మెత్తవి, ఎండకు గట్టివి విడివిడిగా దొరుకుతాయి. గట్టిది చలిలో గీత వేయదు. మెత్తది ఎండలో కరిగి, గొర్రెలు ఒకదానికొకటి రాసుకున్నా అంటుతుంది. డొక్క మీద మరకను లెక్కలోకి తీసుకోవద్దు.

హార్నెస్ అసలు విలువ రంగు మార్చినప్పుడే తెలుస్తుంది. గొర్రెకు సుమారు 17 రోజులకోసారి ఎద తిరుగుతుంది కాబట్టి ప్రతి 17 రోజులకూ రంగు మార్చాలి. ముందు పసుపు, తర్వాత ఎరుపు, ఆపైన నీలం, అంటే లేతదాని మీద ముదురుది. నల్ల గొర్రెల మందలో ఈ వరుస పనికిరాదు, నీలం అసలు కనబడదు. మొదటి రంగు పడ్డవాటిలో ఎక్కువ భాగానికి రెండో రంగూ పడిందంటే పొట్టేలు ఎక్కుతోంది గానీ గొర్రెలు చూడి కట్టడం లేదు. వీర్యకణాలు తయారవడానికి దాదాపు 7 వారాలు పడుతుంది. కాబట్టి ఇప్పటి వైఫల్యానికి కారణం నెలన్నర కిందటి జ్వరమో, వడదెబ్బో కావచ్చు. మూడో రంగు దాకా ఆగకుండా పొట్టేలును మార్చేయడం మేలు. ఆగితే ఈతల కాలమంతా వెనక్కి జరుగుతుంది. రంగు పడినంత మాత్రాన చూడి అయినట్టు కాదన్నది గుర్తుంచుకుంటే చాలు.

రంగు పడ్డ రోజుకు సుమారు 147 రోజులు కలిపితే ఈనే తేదీ తెలుస్తుంది. చూడి చివరి ఆరు వారాల్లో పెట్టే దాణా మొదటి రంగు గొర్రెలకు ముందు మొదలుపెట్టొచ్చు. మంద మొత్తానికి ఒకేసారి పెట్టే ఖర్చు తప్పుతుంది.

ఒకే పొట్టేలు, పాతిక ముప్పై గొర్రెలు ఉన్నచోట హార్నెస్ కొనక్కర్లేదు. జేగురు (ఎర్రమట్టి) పొడిని వంటనూనెలో ముద్దగా కలిపి రొమ్ముకు పూసే పాత పద్ధతి సరిపోతుంది. రోజూ, లేదా రోజు విడిచి రోజు పొట్టేలును పట్టుకోవాలి, కొమ్ములున్నదైతే అది ఇద్దరి పని. ఆ వంకన కాళ్లు, వృషణాలు కూడా తడిమి చూడొచ్చు. వాడేసిన ఇంజిన్ ఆయిల్, గోడల పెయింట్ మాత్రం కలపొద్దు: చర్మం పాడవుతుంది, ఉన్నికి పట్టిన మరక ఉతికినా పోదు.