శ్రీశైలం రోడ్డు, డిసెంబర్ పొగమంచు, కిరాయి కారు

డిసెంబర్‌ల అమ్మ, నాన్న, అక్క, నేను మహబూబ్‌నగర్ నుంచి శ్రీశైలం పోయొచ్చినం. దారిల మన్ననూరు అడవి చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటది కదా, గేటు తీసేటాల్లకు అక్కడుండాలని 3:30కే సెల్ఫ్ డ్రైవ్ కార్ల బయల్దేరినం. కారు ముందురోజు మధ్యాహ్నం తీస్కున్న, సొట్టలు గీతలు అన్నీ ఫోటోలు కొట్టిన గానీ లైట్లు వేసి చూడలె.

కల్వకుర్తి దాకా ఏం కాలె. డిండి ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి పొగమంచు, ముందు పోయే లారీ ఎర్రలైట్లు కూడా మాయం. ఫాగ్ లైట్ స్విచ్ నొక్కితే మీటర్ల గుర్తు వెలుగుతుంది, రోడ్డు మీద మాత్రం ఏం పడ్తలేదు. దిగి చూస్తే ఒకదాంట్ల బల్బే లేదు, ఇంకోటి మాడి నల్లగైంది. అప్పర్ (దూరం కొట్టే లైటు) వేస్తే ఇంకా ఘోరం, వెలుగంతా మంచుకు తగిలి మన కండ్లల్లకే కొడ్తది, డిప్పర్‌లనే (కిందికి కొట్టే లైటు) పోవాలె. నలుగురి ఊపిరికి లోపల అద్దం మసకబారింది, నాన్నేమో చలి, ఏసీ బంద్ చెయ్యి అంటడు, కానీ గాలిల తేమ గుంజేది ఏసీనే, అందుకే ఏసీతోటే వేడిగాలి అద్దం మీదికి తిప్పి బయటిగాలి బటన్ వేసిన, రెండు నిమిషాల్ల తేటపడ్డది. వెనక అద్దం మీద మసక పోగొట్టే డీఫాగర్ గీతలున్నయి గానీ పనిచెయ్యలె, అక్క దిగి దిగి తువ్వాలతోని తుడిచింది. "దేవుడు యాడికి పోతడు బిడ్డా, ఆపు" అన్నది అమ్మ. ఒక చాయ్ హోటల్ ముందు ఆపి తెల్లారేదాక కూసున్నం.

తర్వాత బంకుల గాలి చూపిస్తే 33 ఉండాల్సిన టైర్ల 26 ఉంది. చలికి 10 డిగ్రీలు తగ్గితే 2 పాయింట్ల దాకా పడ్తది, మిగిలింది వాళ్ళు చూస్కోకనే.

దర్శనం మంచిగైంది. వాపస్‌ల మన్ననూరుల ఆగినం, రూమ్ సాఫ్‌గ ఉంది, గీజర్ నడిచింది, దుప్పట్లు అడిగినన్ని ఇచ్చిన్రు, రాత్రి భోజనం మాత్రం ముందే చెప్పుకోవాలె. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ పొద్దున్నే పోతే మస్తుంటది. మల్లెలతీర్థం జలపాతం పెద్దోళ్ళతోని వద్దు, వందల మెట్లు, డిసెంబర్‌ల నీళ్ళు సన్నగనే ఉంటయి.

కారు అప్పజెప్పేటప్పుడు అన్నీ చూపించిన. కిరాయిల 300 తగ్గించిన్రు గానీ, "బల్బులు రేపు వేస్తం" అన్నరు. ఆ రేపటికి ముందే ఎవరన్న ముసలోళ్ళను ఎక్కించుకొని అదే కార్ల డిండి దాటుతరేమో అని నాకింకా గుబులుగనే ఉంది.