పోను ఏడున్నర గంటలు, రాను ఆరే: హీత్రో – జేఎఫ్‌కే ప్రయాణం

లండన్ హీత్రో విమానాశ్రయం నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. పోయినా అంతే, వచ్చినా అంతే. కానీ జనవరిలో నేను వెళ్లేటప్పుడు గాల్లోనే ఏడున్నర గంటలు పట్టింది. వచ్చేటప్పుడు ఆరు గంటలకే కింద లండన్ దీపాలు కనిపించాయి.

కారణం జెట్ స్ట్రీమ్. అట్లాంటిక్ మీద పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే ఈ గాలి చలికాలంలో మరీ జోరుగా ఉంటుంది. సీటు ముందున్న మ్యాప్‌నే చూస్తూ కూర్చున్నాను. పోయేటప్పుడు వేగం గంటకు 800 కిలోమీటర్లు దాటడమే గగనమైంది, తిరుగు ప్రయాణంలో 1,100 చూపించింది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి ఇదే దారిలో 4 గంటల 56 నిమిషాల్లో లండన్ వచ్చేసిందట. పోయేటప్పుడు మా విమానం ఐర్లాండ్ దాటాక ఉత్తరానికి వంపు తిరుగుతుంటే పక్క సీటాయన దారి తప్పామేమోనని కంగారుపడ్డాడు. భూమి గుండ్రం కదండీ, ఆ వంపే దగ్గరి దారి.

టికెట్ మీద సమయం గేటు నుంచి గేటు దాకా లెక్క. రన్‌వే కోసం క్యూ, దిగే ముందు కొట్టే చక్కర్లు అన్నీ అందులోనే. అందుకే పోయే టికెట్ మీద ఎనిమిది గంటల పైన కనిపిస్తుంది.

న్యూయార్క్‌లో మొదటి రాత్రి జేఎఫ్‌కే లోపలే ఉన్న టీడబ్ల్యూఏ హోటల్‌లో దిగాను. టీడబ్ల్యూఏ అనే పాత అమెరికన్ విమాన సంస్థ కోసం ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ డిజైన్‌తో కట్టి 1962లో తెరిచిన టెర్మినల్‌ను 2019లో హోటల్‌గా మార్చారు. బయట 1958 నాటి కాన్‌స్టెలేషన్ విమానం ఒకటి నిలబడి ఉంటుంది, దాని లోపల బార్. కిటికీ అద్దం ఎంత మందమంటే, విమానాలు లేస్తుంటే మూకీ సినిమా చూసినట్టుంది. పొద్దున్నే ఎయిర్‌ట్రెయిన్‌లో జమైకా స్టేషన్‌కి వెళ్లి, అక్కడ రైలు మారి మన్‌హటన్ చేరాను. లండన్ వైపు, హీత్రో నుంచి నేరుగా ఊరి మధ్యకి పోయే ఎలిజబెత్ లైన్ రైలు హాయి. హీత్రో ఎక్స్‌ప్రెస్ రైలు పావుగంటలో పాడింగ్టన్ స్టేషన్‌లో దించుతుంది గానీ, ఊరి మధ్యకి పోవాలంటే అక్కడ మళ్లీ మారాల్సిందే.

ఇక ఆ ఆరు గంటల సుఖం సంగతి. రాత్రి ఫ్లైట్ అది. భోజనాలై దీపాలు ఆర్పేసరికి గంటన్నర. దిగడానికి గంటన్నర ముందే టిఫిన్ ట్రాలీ చప్పుడు. మిగిలిన మూడు గంటల్లో నేను నిద్రపోయింది ఎంతో నాకే తెలీదు. గడియారం అయిదు గంటలు ముందుకు జరిగింది కాబట్టి లండన్‌లో తెల్లారి ఆరున్నరైతే నా ఒంటికి అర్ధరాత్రి ఒంటిగంటన్నర. హోటల్‌కి వెళ్తే గది మధ్యాహ్నం రెండు తర్వాతే అన్నారు. ముందే మెయిల్ పెట్టానని చెప్పినా వినలేదు. లాబీ సోఫాలో సూట్‌కేస్‌కి తల ఆన్చి పడుకుంటే, గంటకోసారి ఎవరో ఒకరు వచ్చి "సార్, మీరు గెస్టేనా?" అని లేపడం.

ఈసారి తిరుగు ప్రయాణం పగలే. జేఎఫ్‌కేలో పొద్దున బయలుదేరి రాత్రికి లండన్ చేరే ఫ్లైట్లు కొన్నే అయినా ఉన్నాయి. ముందు రాత్రి ఆ పాత టెర్మినల్‌లోనే పడుకుంటే, తెల్లారే టాక్సీ టెన్షన్ కూడా ఉండదు.