గొల్లపల్లి వీణ: పది నెలలు వాయించాక

ఉద్యోగ విరమణ అయిన నెలలోనే బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లికి వెళ్లి వీణ కొనుక్కున్నాను. పుట్టి పెరిగింది విజయనగరంలోనే. 1919లో మొదలైన మా ఊరి సంగీత కళాశాల పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. అయినా నా చేయి వీణ తీగను తాకింది యాభై తొమ్మిదో ఏట.

ఇది ఏకాండ వీణ. నాదం మోగే గుండ్రటి కుండ, మెట్లుండే పొడవాటి దండి ఒకే పనస దుంగలో తొలిచినవి, మధ్యలో అతుకు లేదు. 28,000 రూపాయలు ఇచ్చాను. చేసిన పెద్దాయన తొందరపెట్టలేదు. "ఒక్కో మెట్టూ మోగించి వినండమ్మా, చెవికి నచ్చితేనే తీసుకెళ్లండి" అన్నారు. మెట్లంటే దండి మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, తీగను వాటి మీదే నొక్కుతాం. గంటసేపు విన్నాను.

స్వరాలు ఏడు, స్వరస్థానాలు పన్నెండు అని గురువుగారు చెబితే తల ఊపేదాన్నే గానీ బోధపడేది కాదు. వీణ మీద అది కంటికి కనబడింది. మెట్లు 24, అంటే స్థాయికి (‘స’ నుంచి పై ‘స’ దాకా) పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. సారణి అనే ప్రధాన తీగను వేలు నొక్కకుండా మీటితే షడ్జం, అంటే ‘స’. మొట్టమొదటి పాఠాలైన సరళీ వరసలు మాయామాళవగౌళ రాగంలో కదా, ఒకటో మెట్టు మీద రిషభం పలుకుతుంది. రెండు మెట్లు వదిలేసి నాలుగో దాని మీద గాంధారం, ఆ పక్కనే ఐదులో మధ్యమం. ఏడో మెట్టు పంచమం. అక్కడి నుంచి ఎనిమిదిలో ధైవతం, మళ్లీ రెండు వదిలి పదకొండులో నిషాదం, పన్నెండులో పై షడ్జం. సరిగమల మధ్య ఎంత ఎడముందో పధనిసల మధ్యా అంతే! ఇది వేళ్లకు తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. పిల్లలకు ముందుగా ఈ రాగమే ఎందుకు చెబుతారో నాకు అప్పుడు అర్థమయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మెట్లను నిలబెట్టేది మైనం. మే నెలలో కిటికీ పక్కన ఉంచితే అది మెత్తబడి పదకొండో మెట్టు కుంగింది, నిషాదం చెడింది. ఊళ్లో ఒక దుకాణంలో బాగుచేయిస్తే వారానికే మళ్లీ జారింది. చివరకు గొల్లపల్లికే మోసుకెళ్లాను. ఆ పెద్దాయన పాత మైనమంతా తీసి, మేళం (మెట్ల అమరిక) కొత్తగా కట్టి, మైనం ఖర్చు మాత్రమే తీసుకున్నారు. ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

వీణతో వచ్చిన గుడ్డ సంచి పలుచన, బస్సు ప్రయాణానికి ఆగదు. మందపాటి దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్లండి. సారణి తీగలు రెండు అదనంగా అడిగి తెచ్చుకోండి.