సముద్రంలో చూసినది ఎక్కడ రాయాలి: నోటుపుస్తకంలోనా, ఫోనులోనా?

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో దిగిన చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సిబ్బంది నమూనా పద్ధతిలో లెక్కిస్తారు. కానీ వలలో చిక్కి తిరిగి నీటిలోకి వెళ్లిన తాబేలు గానీ, పడవ పక్కన కనబడిన తిమింగలం సొర గానీ ఆ లెక్కలోకి రావు. వాటిని నమోదు చేసి పరిశోధకులకు చెప్పగలిగినవారు మత్స్యకారులే.

ఫోనుకున్న బలం ఫోటో. చేప పేరు పొరపాటుగా రాసినా శాస్త్రవేత్త బొమ్మ చూసి సరిదిద్దగలరు. తీరానికి దూరంగా సిగ్నల్ అందకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది కనుక చోటు, సమయం కూడా నమోదవుతాయి. అయితే సాధారణంగా వింత ఏదైనా కనబడినప్పుడే ఫోను చేతికి వస్తుంది.

నోటుపుస్తకం ఇక్కడే ముందుంటుంది. వల ఎన్ని గంటలు నీటిలో ఉంది, ఎన్ని బారల లోతులో వేశారు, ఏమీ పడని రోజు ఏది అన్నవి క్రమంగా రాస్తేనే కానగంత చేపలు నిజంగా తగ్గాయా, లేక వేటే తగ్గిందా అన్నది తేలుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది కాబట్టి, దానికి ముందూ తరువాతా రాసిన ఖాళీ వలల లెక్క మరీ విలువైనది. తడి చేతులతో రాయడం కష్టమే. అయినా నా ఓటు పుస్తకానికే, అరుదైన జీవులకు మాత్రం ఫోటో తోడు కావాలి.

ఏది ఎంచుకున్నా, వేట చోటు మత్స్యకారుడి జీవనాధారం కనుక అది సరిగ్గా ఎక్కడో బయటపెట్టబోమని పరిశోధకులు ముందే మాట ఇవ్వాలి.