కీమో విభాగంలో పోషకాహార సలహా: మాట మంచిది, వేళే కుదరలేదు

మా అమ్మగారికి కీమోథెరపీ చేసిన ఆసుపత్రిలో, డే కేర్ విభాగానికి అనుబంధంగా పోషకాహార సలహా సేవ ఉంది. చికిత్స ముగిసేదాకా దాన్ని వాడుకున్నాం కనుక మంచిచెడ్డలు రెండూ రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసింది డైటీషియన్ ఆరా తీసే పద్ధతిని. ఏం తింటున్నారన్న ప్రశ్నతో సరిపెట్టకుండా, తినడానికి అడ్డు ఎక్కడ వస్తోందో అడిగారు: నోటిలో పుండ్లా, రుచి తెలియకపోవడమా, వాసనకే కడుపులో తిప్పడమా, విరేచనాలా, మలబద్ధకమా? కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి కాబట్టి నోటి పొర మొదలు పేగుల పొర వరకు ఎక్కడైనా బాధ రావచ్చు, ఒక్కోదానికి ఉపాయం వేరు. అమ్మకు మలబద్ధకం ఎక్కువ. పీచు పదార్థం పెంచమంటారేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం మందుల చీటీ తీసుకుని చూసి, వాంతులు రాకుండా ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ పేగుల కదలికను మందగింపజేస్తుందని చెప్పి, విరేచనం సాఫీగా అయ్యే మందు గురించి అక్కడికక్కడే ఆంకాలజిస్టుతో (క్యాన్సర్ వైద్యులతో) మాట్లాడారు. నోటికి లోహపు రుచి తగులుతోందంటే ప్లాస్టిక్ చెంచా వాడమన్నారు, వేడివేడిగా కంటే చల్లార్చి పెడితే వాసన తక్కువగా ఉంటుందన్నారు. బాగా ఇష్టమైన వంటకాన్ని మందు ఎక్కించే రోజున పెట్టవద్దని, వాంతితో ముడిపడితే ఆ తర్వాత దాని మీదే విరక్తి పుడుతుందని చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందేలా, కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టమన్నారు. ఏ పొడి డబ్బానూ అంటగట్టలేదు, అదొక ఊరట.

చేతికిచ్చే ముద్రిత పత్రం మాత్రం అందరికీ ఒకటే. పాలు ఎక్కువగా తాగాలని, పళ్లు తొక్కతో తినాలని అందులో ఉంది. విరేచనాలతో నీరసించిపోయిన పక్క మంచం ఆవిడకూ అదే కాగితం ఇచ్చారు. పేగు పొర దెబ్బతిన్నప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంతకాలం సరిగా అరగకపోవచ్చు, తొక్కల్లోని పీచు విరేచనాలను ఇంకా పెంచుతుంది. ఎదుట కూర్చుని అంత జాగ్రత్తగా మాట్లాడే మనిషి ఇలాంటి కాగితాన్ని ఎలా పంచుతున్నారో అర్థం కాలేదు.

అసలు లోపం వేళది. సలహా దొరికేది మందు ఎక్కించే రోజున. ఆ రోజు వాంతులు ఆపే మందు బలంగా పనిచేస్తూ ఉంటుంది కనుక రోగి కులాసాగానే కనిపిస్తారు. సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందులతో వచ్చే వికారం మాత్రం ఒక రోజు గడిచాక మొదలై నాలుగైదు రోజులు వేధించవచ్చు, నోటి పుండ్లు ఇంకా ఆలస్యంగా బయటపడతాయి. నీళ్లు కూడా కడుపులో నిలవని ఆ రోజుల్లో ఫోన్ చేస్తే ఎత్తేవారు లేరు; జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటితే ఆహారం సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరును కలవాలన్న హెచ్చరికైనా ఆ పత్రంలో లేదు. ప్రతి విడతలో బరువు తూచేవారు గానీ, తగ్గిన అంకెను మాకు చెప్పింది తర్వాతి విడతలోనే.

ఈ సేవకు వెళ్లదలచినవారు మందుల చీటీ, తిన్నవీ తినలేనివీ రాసుకున్న కాగితం వెంట ఉంచుకోవాలి. మందు ఎక్కించాక మూడో రోజునో నాలుగో రోజునో ఫోన్‌లో సంప్రదింపు కావాలని ముందే పట్టుబట్టి రాయించుకోవాలి. అడిగితే ఇస్తున్నారు, తమంతట తాముగా చెప్పడం లేదు.