అమ్మ ‘నీళ్ళ సినిమా’ దొరికిన బాక్సు: పదేళ్ళ తర్వాత

సినిమా డిస్కుల గురించి, బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది, సౌండ్ ఎలా ఉంది, అట్ట ఎంత బాగుంది అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక్క సంగతే రాస్తాను. తెలిసిన సినిమా కోసం కొంటే, దాంతోపాటు పేరు కూడా వినని సినిమాలు ఇంటికి రావడం. పదేళ్ళుగా ఈ డిస్కులు కొంటున్నానంటే అదే కారణం.

మా బావ 2015లో డల్లాస్ నుంచి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చిన బాక్సుతో ఇది మొదలైంది. అమెరికాలో సినిమా డిస్కులు వేసే క్రైటీరియన్ వాళ్ళు 2013లో తెచ్చిన వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ మొదటి సెట్ అది. హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ సంస్థ బాగుచేయించిన పాత సినిమాలు ఆరు ఉంటాయి. నాకు కావలసింది ఒక్కటే, బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ ‘తితాస్ ఏక్టి నదీర్ నామ్’. అంతకుముందు గీతలు పడ్డ ప్రింటులో సగం చూసి వదిలేశాను. మిగతా ఐదూ సెనెగల్, మెక్సికో, టర్కీ, మొరాకో, కొరియా సినిమాలు. విడిగా అమ్మితే వాటిలో ఒక్కటీ కొనేవాణ్ణి కాదు.

తితాస్ ఆ వారమే చూశాను. మిగతావి ఏడాది పైనే అలమరాలో ఉండిపోయాయి. ఒక వేసవి ఆదివారం కేబుల్ రాక, అమ్మ ఏదో ఒకటి పెట్టమంటే చేతికి తగిలిన డిస్కు వేశాను. అది టర్కీ సినిమా, పేరు ‘సుసుజ్ యాజ్’, అంటే నీళ్ళులేని వేసవి. 1964లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో మొదటి బహుమతి గోల్డెన్ బేర్ వచ్చిందని తర్వాత తెలిసింది. కథ చిన్నదే. ఇద్దరు అన్నదమ్ములు. ఊరి పొలాలకు పారే నీళ్ళు పుట్టేది వాళ్ళ భూమిలో. నా భూమిలో నీళ్ళు నావి అని అన్న అడ్డుకట్ట వేసేస్తాడు. కింద రైతుల పైరు ఎండిపోతుంది.

అమ్మకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు. పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నాను. “వీళ్ళ పొలంలో బావి ఉందమ్మా” అన్నాను. తెరకేసి చూసి, “బావేట్రా, ఊట. కిందనుంచి ఉబుకుతోంది, కనబడట్లేదా?” అంది. నిజమే, ఊటే. అన్న చెక్క దించి నీళ్ళు ఆపగానే, నేను నోరు తెరిచేలోపే “మదుము మూసేశాడు” అంది. మా అమ్మది విజయనగరం వైపు పల్లె. మా తాతగారికి ఎగువ రైతులతో గెడ్డ (వాగు) నీళ్ళ తగువు ఏళ్ళ తరబడి నడిచింది. రాత్రిపూట లాంతరు పట్టుకుని నీళ్ళకు కాపలా వెళ్ళేవారని చిన్నప్పుడు చెప్పేది. ఆరోజు ఆ తగువంతా మళ్ళీ చెప్పింది. ఎవరు మదుము దగ్గర పడుకున్నారో, ఎవరి తల పగిలిందో, పంచాయతీ ఏ చింతచెట్టు కింద జరిగిందో. సినిమాలో గొడవలో ఒక రైతు చనిపోయి, అన్న చేసిన హత్యను తమ్ముడు మీద వేసుకుని జైలుకు వెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది. “ఎల్లకురా బాబూ” అంది, తెరమీద కుర్రాడితో.

ఆ తర్వాత అమ్మ ఆ సినిమా మరో మూడుసార్లు అడిగి పెట్టించుకుంది. మా ఇంట్లో దాని పేరు నీళ్ళ సినిమా. అదే బాక్సులో 1936 నాటి మెక్సికో సినిమా ‘రెదేస్’ ఉంది. చేపకు సరైన ధర కోసం జాలర్లు తిరగబడే కథ, నిజమైన జాలర్లతో తీశారు. మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం చూసినవాళ్ళెవరికీ ఆ సినిమాకు సబ్‌టైటిల్స్ అక్కర్లేదు.

అప్పట్లో కనబడిన ప్రతివాడితో ఒకటే మాట చెప్పాను, చిన్న సినిమాను బతికించేది డిస్కులు వేసే ఈ లేబుళ్ళేనని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

మూడేళ్ళ క్రితం ఒక బ్రిటిష్ లేబుల్ ఒకే నెలలో రెండు సినిమాలు తెచ్చింది. ఒకటి అందరికీ తెలిసిన హారర్. రెండోది తూర్పు యూరప్ సినిమా, మూడువేల కాపీలే, వ్యాసాలున్న బుక్‌లెట్‌తో. ఆ నెల రెండూ కొనే డబ్బు నా దగ్గర లేదు. తెలిసిన సినిమాకు గిరాకీ ఎక్కువ, అది ముందు అయిపోతుంది, చిన్నదాన్ని ఎవరు కొంటారులే అనుకుని హారర్ తీసుకున్నాను. రెండు నెలల్లో చిన్నది అయిపోయింది. పాత డిస్కులు అమ్మేవాళ్ళ దగ్గర దాని ధర మూడింతలైంది. హారర్ ఇప్పటికీ దొరుకుతోంది, ఈమధ్యే బొమ్మ ఇంకా స్పష్టంగా ఉండే ఫోర్‌కే డిస్కుగా మళ్ళీ వచ్చింది. చిన్న సినిమా రెండోసారి వచ్చినప్పుడు బుక్‌లెట్ లేదు. నాకు కావలసింది ఆ బుక్‌లెటే. దాని గురించి చదవడానికి ఇంకెక్కడా ఏమీ దొరకని సినిమా అది.

పెద్ద సినిమాలు వెయ్యడం తప్పని నేననను. క్రైటీరియన్ తన సినిమాలకు వరసగా ఇచ్చే నంబర్లలో 2 జపాన్ క్లాసిక్ ‘సెవెన్ సమురాయ్’ అయితే, 40 హాలీవుడ్ భారీ సినిమా ‘ఆర్మగెడ్డన్’. 1000వ నంబరు పదిహేను సినిమాల గాడ్జిల్లా సెట్. అది చూసి మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత మా అబ్బాయి పాకెట్‌మనీ కూడబెట్టి ఆ సెట్ తెప్పించుకున్నాడు. అలాంటి కొనుగోళ్ళ డబ్బు లేకపోతే టర్కీ ఊట మా ఇంటిదాకా వచ్చేది కాదనే నేను నమ్ముతాను. నా బాధల్లా ఒకటే. పెద్ద సినిమా డీవీడీగా, బ్లూరేగా, ఫోర్‌కేగా మూడుసార్లు వస్తుంది. చిన్నది బుక్‌లెట్‌తో సహా ఒక్కసారే వచ్చి, ఆ నెల జేబులో డబ్బున్నవాడి ఇంటికే వెళ్తుంది. బాక్సులో కలిపి ఇస్తే ఈ ఇబ్బంది ఉండదు, ఒకదాన్ని కొంటే ఆరూ వస్తాయి.

వైజాగ్ వాళ్ళకు ఒక మాట. మాది ఎంవీపీ కాలనీ, సముద్రం దగ్గర. డిస్కులకు ఏమీ కాలేదు గానీ అట్ట బాక్సులకు వానాకాలంలో తెల్లగా బూజు పడుతుంది. పిన్నులు కొట్టిన బుక్‌లెట్లయితే ఉప్పుగాలికి పిన్ను తుప్పుపట్టి మధ్య పేజీల మీద గోధుమరంగు మరక దిగుతుంది. ఇప్పుడు పిన్నులు తీసేసి దారంతో కుట్టుకుంటున్నాను. ఒక రీజియన్ (ప్రాంతం) బ్లూరే ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు, అందుకే ప్లేయర్ మాత్రం అన్ని రీజియన్లవీ ఆడేదే కొనండి. మన దేశం సీ, అమెరికా ఏ, బ్రిటన్ బీ.

కొనమంటానా? డల్లాస్‌లో బావ ఉన్నాడు, ఇంట్లో అమ్మ ఉంది, నాకు ఈఎంఐలు అయిపోయాయి. వీటిలో ఏదీ లేకపోతే ఆ ధర, దాని మీద పోస్టు, కస్టమ్స్ చాలా బరువు. క్రైటీరియన్ స్ట్రీమింగ్ అమెరికా, కెనడాలకే పరిమితం కాబట్టి నాకు డిస్కు తప్ప దారి లేదు. మీకు ఏడాదికి ఒక్కటే కొనే వీలుంటే, పేరున్న సినిమా కొత్త ఎడిషన్ మానేసి బాక్సు తీసుకోండి.

నా అలమరాలో తెలుగు సినిమా ఒక్కటీ లేదు. దానికి దగ్గరగా వచ్చేది వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ నాలుగో బాక్సులో ఉంది. నాట్యకారుడు ఉదయశంకర్ తీసిన ‘కల్పన’, 1948లోది, మద్రాసు జెమిని స్టూడియోలో తీశారు. సంక్రాంతికి బావను తెమ్మన్నాను. అందులో కూడా ఆరు సినిమాలని చెబితే అమ్మ, “నీళ్ళది ఏదైనా ఉందేట్రా?” అని అడిగింది.