సాయినగర్‌లో పళ్ల ఎక్స్‌రే, అమ్మకి వాంతి రాలేదు

పళ్ల ఎక్స్‌రే అంటే భయపడేవాళ్ల కోసం రాస్తున్నా. మా అమ్మకి కింద దవడ పన్ను శానా నొప్పిగా ఉంటే అనంతపురం సాయినగర్‌లో ఈ క్లినిక్‌కి తీసుకుపోయినాం. ఆమెకి నోట్లో ఏం పెట్టినా వాంతి వచ్చినట్లవుతుంది, ఇంతకుముందు వేరే చోట ఫిల్మ్ అంచు గుచ్చుకుని సగంలోనే లేచొచ్చేసింది.

ఇక్కడ ఫిల్మ్ బదులు ఆర్‌వీజీ (డిజిటల్ ఎక్స్‌రే) సెన్సర్, వైరుతో కంప్యూటర్‌కి కలిపిన చిన్న బిళ్ల. ఇది ఫ్రాన్స్‌లో 1987లోనే వచ్చిందంటే నమ్మండి. అయితే సెన్సర్ ఫిల్మ్ కన్నా మందం, వంగదు కూడా, అందుకే అంతా పెట్టే చేతిలోనే ఉంది. ఎక్స్‌రే తీసే మేడమ్ సెన్సర్‌కి కొత్త ప్లాస్టిక్ కవర్ తొడిగి, సైజు 2 పెద్దదవుతుందని సైజు 1 తీసుకుని, పంటికి ఆనించి నొక్కకుండా నాలుక వైపు కొంచెం జరిపి పెట్టి "అమ్మా, మెల్లగా నోరు మూయండి, ముక్కుతో గాలి పీల్చుకోండి" అన్నారు. నోరు మూసేకొద్దీ నాలుక కింద కండ వదులవుతుంది, అప్పుడు గుచ్చుకోదు. సెన్సర్‌ని కదలకుండా పట్టుకునే హోల్డర్ ఉండబట్టి కిరణం సెన్సర్ మీద నేరుగా పడి, పన్ను సాగినట్టు కాకుండా ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

సెకన్లలో స్క్రీన్ మీద బొమ్మ! వేరు చివర నల్లగా ఉన్న చోటు పెద్దది చేసి అమ్మకే చూపించినారు. ఫిల్మ్ కన్నా రేడియేషన్ తక్కువే, అయినా కిరణాలు తగలకుండా మెడకి కాలర్ వేసినారు, అది నాకు బాగా నచ్చింది.

సాయంత్రం రద్దీ ఎక్కువ, కుర్చీలు చాలవు, ఫోన్ చేసి పోండి. వాంతి సమస్య ఉంటే ముందే చెప్పండి, అప్పుడు ముందు పళ్ల నుంచి మొదలుపెట్టి అలవాటు చేస్తారు.